తాతకు జవాబు

సీతంపేట నుంచి పైకెక్కే కొండదారిలో ఒక సవర గూడ ఉండేది. పేరు చెప్పనక్కర్లేదు, ఆ కొండల్లో ఏ గూడకైనా ఈ కథ నప్పుతుంది. ఇళ్లకు దిగువన జీడితోటలు, వాలులో అనాస మొక్కలు, ఇంకా పైన కంది, చోడి, జొన్న కలిపి చల్లిన పోడు. ఆ గూడలో ఒక ముసలాయన, ఆయన భార్య. వాళ్లకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు తండ్రి దగ్గరే ఉండిపోయి పోడు చేసుకున్నాడు. పెద్దవాణ్ని హాస్టల్లో వేసి చదివించారు.

హాస్టలుకు వెళ్లేనాటికి పెద్దవాడికి సవర తప్ప మరో మాట రాదు. నోరు తెరిస్తే తోటిపిల్లలు నవ్వేవారు. అయ్యవారు నవ్వలేదు గానీ, పిల్లవాడు చెప్పేది ఆయనకూ అర్థం కాలేదు. అర్థం కాని పిల్లవాణ్ని మొద్దుల్లో కలిపి వెనక బెంచీలో కూచోబెట్టారు. ఆ నవ్వునీ ఆ వెనక బెంచీనీ మరిచిపోవడానికి అతను పట్టుదలగా చదివాడు, శ్రీకాకుళంలో ఉద్యోగం సంపాదించాడు. కూతురు పుట్టగానే ఒక నియమం పెట్టుకున్నాడు: ఈ ఇంట్లో తెలుగు తప్ప వినపడకూడదు. కూతురు వెనక బెంచీలో కూచోకూడదన్నదే అతని ఆరాటం. ఆ తండ్రిని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. ఆ నవ్వు పడ్డవాడికే తెలుస్తుంది దాని బరువు.

ఏడాదికి రెండుమూడుసార్లు తాత బస్సెక్కి కొడుకింటికి వచ్చేవాడు. సంచిలో అనాసపళ్లు, చింతపండు, కొండచీపురు కట్ట. గుమ్మంలో నిలబడి మనవరాలి తల నిమిరి ఏదో అనేవాడు. ఆ పిల్ల నవ్వేది. తాత మళ్లీ అనేవాడు. తండ్రి లోపల్నుంచి "బాగున్నావా అంటున్నాడమ్మా" అని అర్థం చెప్పేవాడు. తాత అన్నది అంతకంటే చాలా పొడుగ్గా ఉండేది.

అలా ఏళ్లు గడిచాయి. మనవరాలు డిగ్రీలో చేరింది. ఒక వానాకాలం తాత పోయాడు.

అందరూ గూడకు వెళ్లారు. సవరల ఆచారంలో పోయినవాళ్లు ఒక్కసారిగా పోరు. కుడాన్‌బోయి అనే పూజారిణి నోటి వెంట తిరిగొచ్చి మాట్లాడతారు. బతికున్నవాళ్లు వాళ్లతో కూచుని ఏడుస్తారు, అడుగుతారు, దెబ్బలాడతారు. ఆ సాయంత్రం కుడాన్‌బోయి కాళ్లు బారచాపి కూచుని పాట ఎత్తుకుంది. పాడి పాడి తల వాల్చేసింది. బిగుసుకుపోయిన ఆమె మోకాళ్లనీ చేతులనీ పక్కవాళ్లు మెల్లగా మడిచారు. తల ఎత్తేసరికి వచ్చినవాడు తాత. కల్లు అడిగాడు, ఇచ్చారు. తాగి ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టాడు.

చిన్న కొడుకుని ఇంటి పైకప్పు సంగతి అడిగాడు. వాన కారుతోందంటే కోప్పడ్డాడు. చిన్నకోడలు ఊరుకోలేదు, "బతికున్నప్పుడు నువ్వే నేయించి ఉండొచ్చు కదా" అని ఎదురు తిరిగింది. ఆవు ఈనిందా అన్నాడు, కందిచేనుకి కాపలా ఎవరన్నాడు, ఫలానావాడు తన దగ్గర పుచ్చుకున్న అప్పు తీర్చాడా అన్నాడు. ఏడుపుల మధ్య నవ్వులు కూడా వినపడ్డాయి. పెద్ద కొడుకు గోడకి చేరగిలబడి తల వంచుకుని విన్నాడు తప్ప పెదవి కదపలేదు.

అప్పుడు తాత మనవరాలిని పిలిచాడు.

చుట్టూ ఉన్నవాళ్లు తోవ ఇచ్చారు. ఆ పిల్ల వెళ్లి ఎదురుగా కూచుంది. తాత అడిగాడు. ఆమెకు తెలియలేదు. మళ్లీ అడిగాడు. చిన్నాన్న జాలిపడి ఆమె తరఫున ఏదో జవాబు చెప్పబోయాడు. కుడాన్‌బోయి చెయ్యి విసురుగా లేచింది. ఆమె నోట తాత అన్న మాటను తరవాత ఎవరో తెలుగులో చెప్పారు: "నిన్నడగలేదు."

కాసేపు అలా చూసి తాత వెళ్లిపోయాడు.

మరుసటి నెలలో ఆ పిల్ల ఒంటరిగా బస్సెక్కి గూడకు వచ్చింది. చేతిలో కొత్త నోటుబుక్కు. మామ్మ వెనకాలే తిరుగుతూ దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడిగి రాసుకుంది. కుండ, పొయ్యి, పులి, దుంప, నెత్తి, నూనె. చదువుకున్న పిల్ల కాబట్టి రాసుకున్నవన్నీ రాత్రికి రాత్రే బట్టీ వేసేసింది. పొద్దున్నే ఆ మాటల్ని తెలుగు వరసలో పేర్చి, నెత్తికి నూనె రాసుకుంటానని గట్టిగా ప్రకటించింది. వాకిట్లో పిల్లలు దొర్లిదొర్లి నవ్వారు. సవరలో చాలాచోట్ల వస్తువు పేరు విడిగా నిలబడదు. క్రియ లోపలికి దూరి, పొట్టిదైపోయి, చేసేవాడితో సహా అంతా ఒకే మాటగా బయటికొస్తుంది. జాబితాలో ఉన్న నూనెకూ, నెత్తికి రాసుకునే నూనెకూ రూపమే మారిపోతుంది. బుక్కులో రాసుకున్నవన్నీ నిజమైన మాటలే, కానీ ఆ తీరున ఎవరూ మాట్లాడరు.

మామ్మకు వచ్చిన తెలుగు కొంచెమే. ఆ కొంచెంతోనే తేల్చేసింది. "బుక్కు ఆడెట్టి రా. పిల్లల్తో ఆడుకో ముందు."

అలా ఆ డిగ్రీ పిల్లకి పాలపళ్లు ఊడుతున్న ఒక కుర్రాడు గురువయ్యాడు. సంతకి తీసుకెళ్లడానికి కోసిన అనాసపళ్లు చిన్నాన్న వాకిట్లో కుప్పగా పోసి ఉన్నాయి. వాటిని లెక్కపెట్టమన్నాడు గురువు. అబొయ్, బాగు, యాగి, ఉంజి, మొన్‌లొయ్, తుడ్రు, గుల్‌జి, తమ్‌జి, తింజి, గెల్‌జి. పది దాకా ఆమె సాఫీగా వచ్చేసింది, పండు తీసి పక్కన పెడుతూ. పదకొండో పండు దగ్గర తెలుగు బుద్ధి అడ్డుపడి, పది మీద ఒకటి చేర్చి చెప్పింది. కుర్రాడు ఆ పండు లాక్కుని కుప్పలో పడేశాడు. మళ్లీ మొదట్నుంచి. గెల్‌జి తరవాత గెల్‌ముయ్, దాని తరవాత మిగ్గల్. మిగ్గల్ అంటే పన్నెండు. మడత అక్కడ పడుతుంది. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి, పంతొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. అలా ఇరవైకి చేరితే మరో మడత. ముప్పై మూడుకి వచ్చేసరికి ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి అని పేర్చుకోవాలి. చేతివేళ్లు పదే కదా, పన్నెండు ఎందుకు వచ్చిందని ఆమె అడగబోయింది. అడగడానికి మాటల్లేవు. లెక్కపెట్టడం తప్ప దారి లేదు. పొద్దు వాలేసరికి కుప్ప ఈ పక్క నుంచి ఆ పక్కకి చేరింది. మధ్యలో ఎన్నిసార్లు వెనక్కి వెళ్లిందో ఆ కుర్రాడికే తెలుసు. చివరి పండు సరిగ్గా చెప్పినప్పుడు వాడు ఏమీ మెచ్చుకోలేదు. బుట్ట ఎత్తమన్నాడు.

సెలవు దొరికినప్పుడల్లా ఆమె వచ్చేది. కంది నాటింది, కలుపు తీసింది, మామ్మతో సంతకి దిగింది, అడ్డాకులు కుట్టింది. ఏ పని చేస్తే ఆ పనికి సంబంధించిన మాటలు వచ్చేవి. చేయని పనికి మాట వచ్చేది కాదు. తప్పు మాట్లాడితే గూడ గూడంతా నవ్వేది. ఒకసారి తండ్రి నొచ్చుకున్నాడు. "ఎందుకే ఈ నవ్వులపాలు? నేను పడ్డది చాలదా?"

"నీమీద నవ్విన చోట నిన్ను వెనక బెంచీలో కూచోబెట్టారు నాన్నా. వీళ్లు నవ్వి, మళ్లీ చెప్పమంటున్నారు."

తండ్రి మారు మాట్లాడలేదు.

తాతకు రాయి నిలిపే రోజు వచ్చింది. చుట్టాలొచ్చారు. డప్పులు మోగాయి. కుడాన్‌బోయి కాళ్లు చాపి కూచుంది, పాడింది, తల వాల్చింది, ఎత్తింది. తాత కల్లు తాగి, ఈసారి నేరుగా మనవరాలినే పిలిచాడు.

"వచ్చావా?"

"వచ్చాడు" అంది ఆమె, మాట చివర తడబడి. అంతా గొల్లుమన్నారు. తాత కూడా నవ్వాడు. నవ్వి, ఆ మాటను సరిచేసి చెప్పాడు. ఆమె సరిగ్గా అంది. తరవాత తాత తిట్టడం మొదలుపెట్టాడు. తను బతికుండగా ముసలిదాన్ని చూడ్డానికి ఎన్నడూ రాలేదన్నాడు. పండగలకి కూడా రాలేదన్నాడు. నీ గుమ్మంలో నిలబడి ఎన్ని మాటలు చెప్పాను, ఒక్కదానికైనా పలికావా, గోడకి చెప్పినా నయమే అన్నాడు. అన్ని ఏళ్ల తిట్లూ ఒక్క ఊపున పడ్డాయి. ఆమెకు చాలావరకు అర్థమైంది. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, వచ్చీరాని సవరలో ఎదురు తిరిగింది:

"నువ్వు నాకు నేర్పావా? ఒక్క మాటైనా నేర్పావా?"

డప్పులు కూడా ఆగిపోయాయి. తాత కొంచెంసేపు పలకలేదు. తరవాత, "మీ నాన్న వద్దన్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది" అన్నాడు.

అప్పుడు గోడవార కూచున్న పెద్దకొడుకు నోరు తెరిచాడు. హాస్టలు వదిలాక సవర పలకని నోరు. మొదటి మాట పెగల్లేదు, రెండోది పెగిలింది. తనమీద నవ్విన సంగతి, వెనక బెంచీ సంగతి, ఎవరికీ చెప్పుకోలేని సంగతులన్నీ తండ్రితో చెప్పుకున్నాడు. తన తండ్రి నోట సవర వినడం ఆ పిల్లకు అదే మొదటిసారి. తాత అతన్నీ తిట్టాడు, అతనూ ఎదురు చెప్పాడు. మధ్యలో మనవరాలు కలగజేసుకుంది. పొద్దుపోయేదాకా ముగ్గురూ తగువు పడ్డారు. ఎవరూ ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

నీతి: పెద్దలు మనల్ని ఏ భాషలో తిట్టగలరో, మనం ఏ భాషలో వాళ్లకు ఎదురు చెప్పగలమో, అదే మన వారసత్వ భాష. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే వాళ్లు బతికుండగానే వాళ్ల ముందు పిల్లలం కావాలి, తప్పులు మాట్లాడాలి, నవ్వించుకోవాలి.

కథలో మనుషులు కల్పితం. వాళ్ల చుట్టూ ఉన్నది కల్పితం కాదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లోనూ, సరిహద్దు దాటితే ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లోనూ సవరలున్నారు. 2011 జనగణనలో సవర తమ మాతృభాష అని రాయించుకున్నవారు దేశం మొత్తం మీద 4 లక్షల పైచిలుకు. అంకె చిన్నదేం కాదు. కానీ భాష బతుకు తలల లెక్కతో తేలదు, ఆ లెక్కలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నదే చూడాలి. కొండపై గూడల్లో పిల్లలు ఇప్పటికీ సవరలో కొట్టుకుంటారు, సవరలో రాజీపడతారు. కిందికి దిగి మైదానంలో స్థిరపడ్డ సవరల్లో చాలామంది ఇళ్లలో తెలుగే. బడి, ఉద్యోగం, సంత, ఆస్పత్రి అన్నీ తెలుగులోనే జరుగుతుంటే ఏ తల్లి మాత్రం ఏం చేస్తుంది?

సవర తెలుగుకి చుట్టం కూడా కాదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా భాష. వంశధార ఒడ్డున ఈ రెండు భాషలూ ఎన్నో తరాలుగా పక్కపక్కనే ఉన్నాయి. కొండవాళ్లు సంతకి దిగి తెలుగు నేర్చుకున్నారు. కిందివాళ్లు కొండెక్కి సవర నేర్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమందిలో అందరికంటే ముందు నిలిచేవాడు గిడుగు వెంకట రామమూర్తి.

గిడుగు అనగానే మనకి వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. అది సగం గిడుగు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరిన ఆయన, గ్రాంథికవాదుల మీద కలం ఎత్తకముందే సవరల మాట వినడానికి కూచున్నాడు. నేర్చుకోవడానికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. ఒక సవరని ఇంట్లో పెట్టుకుని, అతని నోటి నుంచే నేర్చుకున్నాడు. కొండలెక్కి తిరిగాడు. మన్యపు జ్వరం పట్టుకుంటే క్వినైను మింగాడు. ఆ మందు ఆయన చెవులు తినేసింది. ఒక భాషను వినడం కోసం వెళ్లి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. అయినా ఆగలేదు. సవర పిల్లలకి తన ఇంట్లో తిండి పెట్టి చదువు చెప్పాడు, సొంత ఖర్చుతో బడులు తెరిపించాడు, వాళ్ల భాషలోనే పాఠాల పుస్తకాలు రాశాడు. మద్రాసు ప్రభుత్వం ఆ పనికి డబ్బివ్వబోతే తనకు వద్దని, దాంతో సవరలకి బడులు పెట్టమని అడిగాడు. ఆయన సవర భాషా గ్రంథాన్ని 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువుని 1938లోనూ ఆ ప్రభుత్వమే అచ్చు వేసింది. అప్పటికి ఆయన వయసు 75కి దగ్గర పడింది. జీవితమంతా పట్టిన పని అది.

కథలోని మనవరాలి నోటుబుక్కుకీ గిడుగు నిఘంటువుకీ తేడా నాకు ఇక్కడే కనపడుతుంది. రాసుకోవడం తప్పు కాదు, ఆయన రాసి ఉండకపోతే ఇవాళ మనకు ఎంతో తక్కువ మిగిలేది. కానీ ఆయన ముందు మాట్లాడాడు, మాట్లాడించాడు, అటుపైన రాశాడు. మనిషిని ఇంట్లో పెట్టుకున్నవాడికి పుస్తకం వచ్చింది. ఇప్పుడు పుస్తకాలున్నాయి, ఫోన్లలో రికార్డు చేసుకోవచ్చు. కరువైందల్లా కూచుని వినే మనిషి.

అక్షరాల కొరత కూడా లేదు. గిడుగు పెద్ద నిఘంటువు ఇంకా అచ్చు కాని రోజుల్లోనే, 1936 జూన్ 18న, మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారు చేశాడు. 2012లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. క్రైస్తవం పుచ్చుకున్న గూడల్లో రోమన్ లిపిలో సవర పాటలు పాడుకుంటారు, ఒడిశా వైపు ఒడియా లిపి, మన వైపు తెలుగు లిపి. లిపి ఏదని తగవులాడుకునే తీరిక ఉన్నవాళ్లు ఆడుకోవచ్చు. నా మటుకు నాకు పిల్ల ఏ లిపిలో రాసినా ఫరవాలేదు, ముసలమ్మ పిలిస్తే పలకాలి.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య పేరుతో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బడులు నడిపారు. సవర వాటిలో ఒకటి. తెలుగు లిపిలో సవర వాచకాలు వచ్చాయి, ఆ భాష మాట్లాడే పిల్లలకు ఆ భాష తెలిసిన అయ్యవారు దొరికారు. ఆ ఆలోచన మంచిది. వెనక బెంచీని లేకుండా చేసే ఆలోచన అది. కానీ ఒకటో తరగతిలో మొదలైన సవర ఆ పిల్ల పెద్దబడికొచ్చేసరికి తెగిపోతే, ఇంట్లో కూడా తండ్రి పలక్కపోతే, ఆ వాచకం ఒక్కటీ భాషను ఎంతకాలం నిలబెడుతుంది?

సవర బొమ్మల సంగతీ చెప్పాలి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో గీసే ఎడిసింగ్ బొమ్మల్లో ఇల్లుంటుంది, చెట్లు, జంతువులు, నాట్యమాడే మనుషులుంటారు. పోయినవాళ్ల కోసం, పంట కోసం, జబ్బు నయం కావడం కోసం గీసే బొమ్మలవి. ఇప్పుడవి గుడ్డలమీదా కాగితాలమీదా ఎక్కి ప్రదర్శనల్లో అమ్ముడుపోతున్నాయి. కళాకారులకి నాలుగు డబ్బులు వస్తున్నందుకు సంతోషం. అయితే ఆ బొమ్మ గీసేటప్పుడు పెద్దలతో మాట్లాడేది సవరలోనే. బొమ్మ కొనుక్కుని గోడకి తగిలించుకున్న మనం ఆ మాట పోతున్నా పట్టించుకోకపోతే, ఆ ఆదరం సగం ఆదరమే.

కథలోని మనవరాలి అవస్థ సవరలకి మాత్రమే పట్టినది కాదు. కెనడాలోని ఆల్బర్టాలోనూ, అమెరికాలోని మోంటానాలోనూ ఉండే బ్లాక్‌ఫుట్ ప్రజలకి ఇంతకంటే ఘోరం జరిగింది. పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి హాస్టలు బడుల్లో వేశారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక, తమ పిల్లలకి ఆ దెబ్బలు తగలకూడదని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. మన కథలో తండ్రి చేసిందే. చివరికి భాష ముసలివాళ్ల నోళ్లలోనే మిగిలింది. మోంటానాలోని బ్రౌనింగ్ ఊళ్లో డారెల్ కిప్ అనే ఆయన, మరికొందరు కలిసి 1987లో పీగన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1995లో బడి తెరిచారు. ఆ బడిలో పాఠాలూ ఆటలూ మందలింపులూ అన్నీ బ్లాక్‌ఫుట్‌లోనే. వాళ్ల పద్ధతిలో నాకు నచ్చిందేమిటంటే, భాషని ఒక పీరియడ్‌లో బోధించే విషయంగా చూడలేదు. బడిలో గడిపే రోజంతా దానికిచ్చారు. ఇప్పుడు అక్కడ తాతల మాట పోగొట్టుకున్న యువకులు పెద్ద వయసులో, తడబడుతూ, మొదటి మాటల నుంచి నేర్చుకుంటున్నారు. మన మనవరాలిలాగే.

అంత దూరం ఎందుకు, మన తెలుగువాళ్లనే చూడండి. కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి మారిషస్ వెళ్లినవారి సంతతి ఇవాళ అక్కడి బడుల్లో తెలుగు నేర్చుకుంటోంది. వాళ్లు వచ్చీరాని తెలుగులో నాలుగు మాటలు మాట్లాడితే మనకి కళ్లు చెమరుస్తాయి. ఎవరూ నవ్వరు, శాలువా కప్పుతారు. ఆ శాలువాకు సీతంపేట కొండ మీది పిల్ల కూడా హక్కుదారే. మారిషస్ తెలుగువాడి తడబాటు మనకు ముద్దొచ్చి, సవర పిల్లవాడి తెలుగు తడబాటు మాత్రం నవ్వు పుట్టిస్తే, మన భాషాభిమానంలో లోపం ఉన్నట్టే.

కాబట్టి నా మనవి మూడు రకాలవాళ్లకి. కొండ నుంచి దిగి ఉద్యోగాలు చేసుకుంటున్న సవర తల్లిదండ్రులారా, మీరు పడ్డ నవ్వు నిజం, కానీ మీ పిల్లలకి తెలుగు ఎలాగూ బడి నేర్పుతుంది. సవర మాత్రం మీరూ మీ ముసలివాళ్లూ తప్ప నేర్పేవారు లేరు. సెలవులకి పిల్లల్ని గూడకి పంపండి. అక్కడ వాళ్లమీద నవ్వనివ్వండి. మన్యం బడుల్లో పనిచేసే అయ్యవార్లారా, సవర రాకపోవడం మీ తప్పు కాదు, కానీ మీ తరగతిలో పిల్లలే మీకు గురువులు కాగలరు. రోజుకి కొన్ని మాటలు వాళ్ల దగ్గర నేర్చుకుని, వాళ్ల ముందే తప్పు పలకండి. ఆ రోజు నుంచి వెనక బెంచీ ఖాళీ అవుతుంది.

ఇక మనందరికీ. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు పటానికి దండ వేస్తాం, తెలుగు గొప్పతనం మీద ఉపన్యాసాలిస్తాం. వచ్చే ఆగస్టు 29న శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ప్రతి సభలోనూ ఒక సవర పెద్దను వేదిక మీద కూచోబెట్టండి. ఆయన సవరలోనే మాట్లాడాలి, అర్థం చెప్పేవాళ్లు వద్దు. సభలో ఉన్న సవర పిల్లలు లేచి ఆయనకు సవరలోనే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే మరుసటి ఏడాదికి నేర్చుకు రమ్మని ఆయనే కోప్పడతారు.